అమ్మ చాకిరీకీ ఒక పద్దు రాయించండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల గౌరవ ప్రధాన న్యాయమూర్తులకు,



మోటారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు మన ట్రిబ్యునళ్లు ఆ మనిషి పోగొట్టుకున్న సంపాదనను చూస్తున్నాయి. ఆస్పత్రి బిల్లులు చూస్తున్నాయి. పడ్డ నొప్పికి ఎంతో కొంత ఇస్తున్నాయి. కానీ ఆ మనిషి బతికినంత కాలం పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి, ఒళ్లు తుడవడానికి, మలమూత్రాలు ఎత్తడానికి ఇంకో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి కష్టానికి మాత్రం ఉత్తర్వులో చోటు దొరకడం లేదు. దొరికినా ఆస్పత్రిలో ఉన్న రోజుల వరకే. ఆ పని చేసేది తల్లో, భార్యో కాబట్టి, వాళ్లు జీతం అడగరు కాబట్టి, దానికి ఖర్చే లేదన్న లెక్క నడుస్తోంది. ఆ లెక్క అన్యాయమైనదని, దాన్ని సరిచేసే అధికారం మీ దగ్గర ఉందని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2019 జనవరి 1 దాకా మీ రెండు కోర్టులూ ఒకటే. మోటారు ప్రమాద కేసుల్లో అప్పుడు పడ్డ అలవాట్లే కృష్ణకు ఇటూ అటూ ఇప్పటికీ నడుస్తున్నాయి. పైగా మీరిద్దరూ మీ మీ రాష్ట్రాల న్యాయసేవాధికార సంస్థలకు ప్యాట్రన్ ఇన్ చీఫ్ హోదాలో ఉన్నారు. నేను అడగబోయే వాటిలో సగం ట్రిబ్యునళ్లకు సంబంధించినవైతే, సగం లోక్ అదాలత్‌లకు సంబంధించినవి. అందుకే ఇద్దరికీ కలిపి ఒకే లేఖ.

మా కేసు ముగిసిపోయింది. దాన్ని తిరగదోడమని అడగడం లేదు. ఏ జిల్లా, ఏ ట్రిబ్యునల్, ఏ బీమా కంపెనీ అన్నది కూడా చెప్పను. ఎవరినో ఒకరిని వేలెత్తి చూపితే ఆ ఒక్కరి మీదికి మాట పోతుంది. నాకు తెలిసిన ఇలాంటి ఇళ్లన్నింటిలోనూ జరిగింది ఇదే.

మా తమ్ముడు టైల్స్ మేస్త్రీ. పని ముగించుకుని బండి మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి డీసీఎం వ్యాను గుద్దింది. అప్పటికి వాడికి 27 ఏళ్లు. తలకు దెబ్బ లేదు, తెలివి తప్పలేదు. రోడ్డు మీద పడి ఉండగానే, కాళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదని అన్నాడట. చుట్టూ మూగినవాళ్లు మంచి మనసుతోనే చంకల కింద చేతులు వేసి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. వెన్నుపూస విరిగిన మనిషిని అలా వంచి లేపితే, నలిగిన వెన్నుపాము ఇంకా నలుగుతుంది. గట్టి చెక్క మీద, మెడా నడుమూ కదలకుండా తీసుకెళ్లాలి. ఆ సంగతి ఆ రోడ్డు మీద ఉన్నవాళ్లలో ఎవరికి తెలుస్తుంది? ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది. వెన్నుపాము అతుక్కోదు. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కదలిక లేదు, మూత్రం మీద, విరేచనం మీద అదుపు లేదు.

ఉత్తర్వు రాసే న్యాయమూర్తికి ఈ ఆఖరి వాక్యం ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం మా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఎలా నడుస్తుందో చెబుతాను.

స్పర్శ లేని ఒళ్లు రెండు గంటలకు మించి ఒకే పక్క మీద ఉంటే, అదిమిపడ్డ చోట చర్మానికి రక్తం అందదు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత పుండవుతుంది. నడుం కింది ఎముక దగ్గర, తుంటి మీద, మడమల దగ్గర వచ్చే ఈ పుండ్లు ఎముక దాకా దిగి ప్రాణం మీదికి తెస్తాయి. అందుకని రాత్రి కూడా తిప్పుతూ ఉండాలి. అమ్మ తన ఫోన్లో పన్నెండుకు, రెండుకు, నాలుగుకు అలారం పెట్టుకుని పడుకుంటుంది. లేచి లైటు వేసి, తమ్ముడి మోకాళ్ల మధ్య దిండు పెట్టి, దుప్పటి అంచు పట్టుకుని లాగి పక్కకు తిప్పుతుంది. మడమలు ఎర్రగా ఉన్నాయేమో టార్చి వేసి చూస్తుంది. నాలుగైదు గంటలకోసారి సన్నటి గొట్టం పెట్టి మూత్రం తీయాలి. అంతకుముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గొట్టం శుభ్రంగా ఉండాలి. ఏ పూట ఏమరుపాటు జరిగినా చలిజ్వరం, ఇన్ఫెక్షన్, మళ్లీ ఆస్పత్రి. విరేచనం సంగతి విడమరిచి రాయను; గ్లవుజు తొడుక్కుని అమ్మే చూస్తుంది. మొదట్లో తమ్ముడు ఆ కాసేపూ దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

ఒకసారి చలికాలంలో కాళ్లు చల్లగా ఉన్నాయని మా పెద్దమ్మ వేడినీళ్ల సంచి పాదాల దగ్గర పెట్టింది. కాలుతోందని వాడికి తెలియదు. సంచి తీసేసరికి బొబ్బలెక్కి తోలు ఊడింది. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. అంటే ఇది పక్కన ఎవరో ఒకరు ఉంటే సరిపోయే పని కాదు. నేర్చుకోవాలి, గుర్తుపెట్టుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు. ఆస్పత్రిలో అయితే దీనికి శిక్షణ పొందిన నర్సు, ఆయా, ఫిజియోథెరపిస్టు కలిసి పనిచేస్తారు, ముగ్గురికీ జీతాలుంటాయి. ఇంటికి రాగానే ముగ్గురి పనీ అమ్మదే అయింది, జీతం మాట పోయింది.

ఇప్పుడు కోర్టు సంగతి. తమ్ముడి తరఫున సాక్ష్యం చెప్పడానికి అమ్మ బోనెక్కింది. బీమా కంపెనీ వకీలు చాలా మర్యాదగా అడిగారు: "మీ అబ్బాయిని ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారమ్మా?"

"నేనే అయ్యా."

"జీతానికి ఎవరినీ పెట్టుకోలేదు కదా?"

"కన్నతల్లిని నేనుండగా జీతానికి ఎవరెందుకయ్యా?"

అంతే. ఆ మాటను టైపిస్టు యథాతథంగా ఎక్కించుకున్నారు. అటెండెంట్‌ను నియమించుకున్నట్టు రుజువు లేదని, కుటుంబ సభ్యులే చూసుకుంటున్నట్టు సాక్షి ఒప్పుకున్నారని ఉత్తర్వులో వచ్చింది. రవాణా, అటెండెంట్, పౌష్టికాహారం మూడూ కలిపి ఒకే పద్దు కింద 60 వేలు ఇచ్చారు. ఏ అమ్మయినా అదే జవాబు చెబుతుంది. కొడుకును చూసుకుంటున్నానని గర్వంగా చెప్పిన మాట ఆ కొడుకు హక్కుకే అడ్డుపడటం ఏ రకంగా న్యాయమో నాకు అర్థం కాలేదు.

అమ్మ లేకపోతే ఏం చేసేవాళ్లం? మేం కనుక్కున్నాం. ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషికి హైదరాబాద్ ఏజెన్సీలు నెలకు 22 వేలు చెప్పాయి, భోజనం మనదే. రాత్రి లేచి తిప్పాలంటే రెండో మనిషి కావాలన్నారు. మా ఊళ్లో అయితే మగ పేషెంటుకు గొట్టం పెట్టే పని అనగానే ఎవరూ ఒప్పుకోలేదు. ఎంత తగ్గించి వేసుకున్నా నెలకు 12 వేలకు తక్కువ పడదు. 27 ఏళ్ల వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో 2009లో ఖాయం చేసిన మల్టిప్లయర్, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించాల్సిన అంకె, 17. నెలకు 12 వేల చొప్పున ఏడాదికి 1,44,000. దాన్ని 17తో హెచ్చిస్తే 24,48,000 రూపాయలు. దీనికి మాకు దక్కింది ఆ 60 వేలలో ఒక వాటా. ఈ తేడా అంతా బీమా కంపెనీ ఖాతాలో మిగిలింది. ఇంకోలా చెప్పాలంటే, వ్యాను నడిపినవాడి నిర్లక్ష్యానికి కట్టాల్సిన సొమ్మును మా అమ్మ తన రెక్కల కష్టంతో కడుతోంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన వాదన కాదు. అత్యున్నత న్యాయస్థానం ఎప్పుడో ఒప్పుకున్నదే. 2020లో కాజల్ వర్సెస్ జగదీశ్ చంద్ కేసులో, పన్నెండేళ్ల వయసులో లారీ ప్రమాదానికి గురై మెదడు దెబ్బతిన్న అమ్మాయికి సుప్రీంకోర్టు ఇద్దరు అటెండెంట్లను లెక్కలోకి తీసుకుంది. రోజుకు పన్నెండేసి గంటలు ఒక్కొక్కరు, ఒక్కొక్కరికి నెలకు 5,000. ఏడాదికి 1,20,000, మల్టిప్లయర్ 18, మొత్తం 21,60,000. అటెండెంట్ ఖర్చును ఏదో ఒక అంకె వేసి ఉజ్జాయింపుగా ఇవ్వకూడదని, సంపాదన నష్టానికి వాడే మల్టిప్లయర్ పద్ధతినే దీనికీ వాడాలని అందులోనే చెప్పింది. ఇంకా వెనక్కి వెళ్తే, ఇంటివాళ్లు ఉచితంగా సేవ చేస్తున్నారన్న కారణంతో బాధితుడి పరిహారం తగ్గించడానికి వీల్లేదని ఢిల్లీ హైకోర్టు అక్కడి రవాణా సంస్థ మీద వచ్చిన కేసులో నాలుగు దశాబ్దాల కిందటే తేల్చింది.

మన హైదరాబాద్ కేసే ఒకటుంది. 1990లో నిమ్స్‌లో ఛాతీలోని గడ్డకు ఆపరేషన్ జరిగాక ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. అది రోడ్డు ప్రమాదం కాదు, వైద్యంలో నిర్లక్ష్యం కింద వినియోగదారుల చట్టం ప్రకారం నడిచిన కేసు. ఆ విద్యార్థి పెద్దవాడై, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, చక్రాల కుర్చీలో సుప్రీంకోర్టుకు వెళ్లి తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే నెలలో కోర్టు కోటి రూపాయలు, దాని మీద వడ్డీ ఇమ్మంది. ఆ కోటిలో నర్సింగ్ సేవకు నెలకు 4,000 చొప్పున 30 ఏళ్లకు 14,40,000, ఫిజియోథెరపీకి నెలకు 3,000 చొప్పున అన్నేళ్లకే 10,80,000 విడివిడిగా లెక్కగట్టారు. పంతొమ్మిదేళ్లు పట్టిందన్న బాధ పక్కన పెడితే, వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి పరిహారం ఎలా లెక్కగట్టాలో చూపించడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మన రెండు రాష్ట్రాలకు అక్కర్లేదు. అయినా చిన్న పట్టణంలోని ట్రిబ్యునల్ దాకా ఆ పద్ధతి దిగిరాలేదు.

ఆడవాళ్ల ఇంటిచాకిరీకి విలువ కట్టడం గురించి చెప్పాల్సిన మాట కూడా మన తెలుగు న్యాయమూర్తే చెప్పారు. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో, 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే అంకెలను తీర్పులోకి తెచ్చారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఆ సర్వేలో తేలింది. గృహిణి పనికి ఆర్థిక విలువ లేదనుకోవడం సరికాదని ఆ తీర్పు స్పష్టం చేసింది. అయితే అక్కడ ప్రశ్న వేరు. ప్రమాదంలో చనిపోయిన గృహిణి విలువ ఎంత అన్నది అక్కడి ప్రశ్న. ఇల్లాలు చనిపోతే ఆమె పనికి విలువ ఉందని ఒప్పుకున్న న్యాయం, ఆమె బతికి ఉండి అంతకు రెట్టింపు పని చేస్తున్నప్పుడు ఆ విలువను ఎందుకు చూడదు? మా అమ్మ ప్రమాదానికి ముందు మిషన్ కుట్టేది. జాకెట్లు కుట్టి నెలకు ఎంతో కొంత సంపాదించేది. ఇప్పుడు ఆ మిషన్ మీద తమ్ముడి మందుల డబ్బాలు ఉంటున్నాయి. ప్రమాదంలో ఒకరి సంపాదన పోయిందని ట్రిబ్యునల్ రాసింది. మా ఇంట్లో పోయినవి రెండు సంపాదనలు.

రశీదు లేకుండా పరిహారం ఇస్తే దొంగ క్లెయిములు పెరుగుతాయని బీమా కంపెనీలు అంటాయి. మోటారు కేసుల్లో మోసాలు లేవని నేను అనను. కానీ తెగిన వెన్నుపామును ఎవరూ నటించలేరు. ఎంఆర్ఐ ఫిల్ము ఉంటుంది, ఆపరేషన్ నోట్సు ఉంటాయి, అంగవైకల్యం శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ ఉంటుంది. మనిషి ఎదురుగా ఉంటాడు. రెండు కాళ్లూ పనిచేయని, మూత్రం అదుపులో లేని మనిషికి తోడు అవసరమా అన్నదానికి రశీదు అడగడం అనవసరం. ఆ అవసరం గాయంలోనే ఉంది. తోడు తల్లి అయినా, నర్సు అయినా, ఆ గంటల విలువ మారదు.

సదరం అంటే గుర్తొచ్చింది. తమ్ముడి సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది. ట్రిబ్యునల్ నెలకు 9,000 ఆదాయం వేసుకుని, 75 శాతం నష్టం కింద, 17తో హెచ్చించి 13,77,000 అంది. టైల్స్ వేసేవాడు రోజంతా గొంతుక్కూర్చుని, బరువులు మోసి చేసే పని అది. ఆ పనిలో ఇంకా 25 శాతం వాడు ఎలా చేస్తాడు? డాక్టరు ఇచ్చే అంగవైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్న లెక్క వేరు అని 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకు, వడ్రంగికి పోయేది దాదాపు మొత్తం బతుకుతెరువు, అదే గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తు ఎదుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు, గాయాల కేసులకూ అది వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ తీర్పు చెప్పాయి. ఈ మూడూ పాటిస్తే అదే 9,000 మీద 25,70,400 వస్తుంది. అప్పీలుకు వెళ్తే ఇవన్నీ సరవుతాయని అందరూ అన్నారు. వెళ్లాం.

అక్కడి నుంచి మా ఫైలు లోక్ అదాలత్‌కు వచ్చింది. లోక్ అదాలత్ మీద నాకు గౌరవం ఉంది. చిన్న గాయాలకు, చెక్ బౌన్సులకు, పాలోళ్ల తగాదాలకు అది పేదవాడికి దగ్గరి దారి. కానీ ఆ రోజు మా వంతు రాగానే జరిగింది బేరం. కంపెనీ అధికారి ఒక అంకె చెప్పారు, మా వకీలు ఒక అంకె చెప్పారు, మధ్యలో ఒకచోట ఆగారు. అప్పులవాళ్లు ఇంటికొస్తున్న సమయం. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ వరకు ఆదుకుంది గానీ, తర్వాతి గొట్టాలు, డైపర్లు, ఎయిర్ బెడ్, ఆటో ఛార్జీలు అన్నీ చేబదుళ్ల మీదే నడిచాయి. ఇప్పుడు ఒప్పుకోకపోతే ఇంకా ఎన్నేళ్లో అన్నారు. సంతకం పెట్టాం. ఆ గదిలో ఎవరూ తమ్ముడికి జీవితాంతం ఏమేం కావాలో అడగలేదు. వాడు మంచం మీద ఎంత కాలం బతకాలో, ఎవరు చూసుకోవాలో, అమ్మ తర్వాత ఎవరో అన్న మాటే రాలేదు.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. విరిగిన చెయ్యి కేసులో అది మంచిదే. వెన్నుపాము కేసులో, పదేళ్ల తర్వాత పుండు ఎముకకు దిగితే, మూత్రపిండాలు పాడైతే, తల్లి మంచాన పడితే, తిరిగి తట్టడానికి తలుపు ఉండదు. అందుకే నేను కోరేది: పూర్తి పక్షవాతం వచ్చిన వెన్నుపాము కేసును రాజీకి పెట్టే ముందు, పునరావాస వైద్యుడు గానీ జిల్లా ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగం గానీ రాసిన జీవితకాల అవసరాల అంచనా ఫైల్లో ఉండాలి. ఎన్ని గంటల తోడు కావాలి, ఏ పరికరం ఎన్నేళ్లకు మార్చాలి, నెలకు గొట్టాలు ఎన్ని అన్నవి ఆ కాగితం మీద ఉండాలి. ఆ కాగితం లేనిదే బెంచి రాజీ నమోదు చేయకూడదు. ఇందుకు చట్టం మార్చక్కర్లేదు, మీ ఆధ్వర్యంలోని సంస్థల నుంచి ఒక సర్క్యులర్ చాలు.

ట్రిబ్యునళ్ల విషయంలోనూ అంతే. తోడు మనిషి శ్రమను రవాణాతో, పౌష్టికాహారంతో కలిపి ముద్ద చేయకుండా వేరే పద్దుగా రాయమని, మల్టిప్లయర్‌తో లెక్కగట్టమని, ఇంటివాళ్లు చేస్తున్నా బయట ఆ పనికి ఇచ్చే కూలి రేటు వేయమని పరిపాలన విభాగం ద్వారా ఆదేశించగలరు. కేసు వేసేటప్పుడే పిటిషన్ నమూనాలో ఆ గడి పెట్టించగలరు. చాలా పిటిషన్లలో ఆ గడి ఉండనే ఉండదు, వకీలు గుమాస్తా పాత పిటిషన్ చూసి పేర్లు మార్చేస్తాడు కాబట్టి. అడగని దానిని ట్రిబ్యునల్ ఇవ్వలేదని ఎవరినీ తప్పుపట్టలేం, కానీ న్యాయమైన పరిహారం ఇవ్వడం ట్రిబ్యునల్ బాధ్యతేనని, అడిగిన మొత్తం కన్నా ఎక్కువైనా ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది.

గడువు సంగతి ఒక్క మాట. 2019 సవరణతో, 2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో కేసు వేయాలన్న నియమం వచ్చింది. వెన్ను విరిగిన మనిషికి మొదటి ఆరు నెలలు ఆస్పత్రిలోనో, పుండ్లతోనో గడిచిపోతాయి. కాళ్లు తిరిగొస్తాయన్న ఆశ కూడా ఇంకా చావదు. ఆ దశలో కోర్టు మాట ఎత్తడమే ఇంట్లో అపశకునంలా ఉంటుంది. ఆ నియమం చెల్లుబాటు సంగతి సుప్రీంకోర్టు చూసుకుంటుంది. ఈలోగా పోలీసులు పంపే ప్రమాద నివేదికనే దరఖాస్తుగా తీసుకునే వీలు 166వ సెక్షన్‌లోనే ఉంది కనుక, దాన్ని మీ జిల్లాల్లో నిజంగా అమలు చేయిస్తే ఏ కుటుంబమూ గడువు దాటి నష్టపోదు. అలాగే మంచం మీది మనిషిని వాంగ్మూలానికి అంబులెన్సులో కోర్టు మెట్ల దాకా తేవడం మాన్పించండి. వీడియోలో వాంగ్మూలం తీసుకోవడం కరోనా కాలంలో అందరం నేర్చుకున్నదే.

ఇక వచ్చిన డబ్బు. పరిహారంలో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమంటారు. చదువు లేనివాళ్ల సొమ్ము ఎవరూ కాజేయకుండా 1993లో సూసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన జాగ్రత్త అది. మంచి జాగ్రత్తే. కానీ చక్రాల కుర్చీ విరిగితే, ఎయిర్ బెడ్ మోటారు కాలిపోతే, డబ్బు విడిపించుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ వకీలు ఫీజు, మళ్లీ వాయిదా. ఢిల్లీలో రాజేశ్ త్యాగి కేసు నుంచి, పరిహారాన్ని నెలనెలా బ్యాంకు ఖాతాలో పడేలా యాన్యుటీ డిపాజిట్‌గా పెట్టే పద్ధతి వచ్చింది. తోడు మనిషి పద్దు కింద వచ్చే సొమ్ముకు ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. ఆ నెలసరి సొమ్ము ఆ పని చేస్తున్న మనిషి ఖాతాలోకే వెళ్లనివ్వండి. తల్లి అయితే తల్లి ఖాతాలోకి, భార్య అయితే భార్య ఖాతాలోకి. నాకు తెలిసిన ఒక ఇంట్లో కోడలు ఏళ్ల తరబడి భర్తకు చాకిరీ చేసింది, పరిహారం డబ్బు మామగారి చేతిలో ఉండిపోయింది, చివరికి ఆమె పిల్లల ఫీజుకు కూడా అడుక్కోవాల్సి వచ్చింది. నెలనెలా తన పేరున ఏడెనిమిది వేలు పడినా ఆ ఇంట్లో ఆమె మాటకు ఉండే బరువు వేరు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని నేను అనను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు నెలకు 15 వేల పింఛను ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. ఇవి దెబ్బతిన్న మనిషికి ఇచ్చేవి. చూసుకునే మనిషి కోసం భత్యం ఇవ్వాలన్న మాట 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో ఉంది, ఎక్కువ ఆసరా అవసరమైన వాళ్ల విషయంలో, ప్రభుత్వ స్తోమతను బట్టి. పింఛను వస్తోంది కదా అని పరిహారంలో కోత వేసే ఆలోచన మాత్రం ఏ ట్రిబ్యునల్‌కూ రాకూడదు. అది సమాజం ఇచ్చేది, ఇది తప్పు చేసినవాడు కట్టాల్సింది.

గుద్దినవాడంటూ లేని వెన్నుపాము కేసులు కూడా మన పల్లెల్లో చాలా ఉన్నాయి. తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డ గీత కార్మికులకు కేసు వేయడానికి ఎదుటి పక్షమే లేదు, ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టుకోవాలి. 2024లో కాటమయ్య రక్ష కిట్లు వచ్చాయి, మోకు జారినా మనిషి కింద పడకుండా ఆపేవి. అవి ప్రతి గౌడన్న నడుముకీ చేరాలి. ఆ ఇళ్లలోని ఆడవాళ్ల రాత్రులూ మా అమ్మ రాత్రుల్లాంటివే. అది మీ పరిధి కాదని తెలుసు. కానీ మీ ట్రిబ్యునళ్లు ఈ చాకిరీకి ఒక ధర రాయడం మొదలుపెడితే, రేపు ఎక్స్‌గ్రేషియా నిర్ణయించే అధికారి కూడా ఆ అంకెను చూడక తప్పదు.

చివరిగా ఒక చిన్న కోరిక. జిల్లా న్యాయమూర్తులకు మీ జ్యుడీషియల్ అకాడమీలలో శిక్షణ తరగతులు జరుగుతాయి. మోటారు ప్రమాదాల మీద జరిగే తరగతిలో ఒక గంట, వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని ఇంట్లో చూసుకుంటున్న వాళ్లకు ఇవ్వండి. పేపర్లు చదవరు, ఉపన్యాసం ఇవ్వరు. పక్కకు తిప్పడం ఎలాగో, గొట్టం ఎలా పెట్టాలో, పుండు మొదలైతే ఎలా కనిపిస్తుందో చూపిస్తారు, అడిగినదానికి జవాబు చెబుతారు. సికింద్రాబాద్ రమ్మన్నా, ఆంధ్రలో మీరు చెప్పిన చోటికి రమ్మన్నా వస్తానని అమ్మ అంది. వారం ముందు కబురు చేస్తే చాలు, ఆ రోజుకు తమ్ముడి దగ్గర నేను ఉంటాను.

భవదీయురాలు,
వెన్నుపాము దెబ్బతిన్న ఒక టైల్స్ మేస్త్రీ అక్క